రోడ్డెక్కుటకు ముందు ఒక నిముషము: ట్రాక్టరు బ్రేకుల విషయమై ఋతువులవారీ జాగ్రత్తలు

ట్రాక్టరు కొనబోవు రైతు దుకాణములో అడుగు ప్రశ్నలు మనకు తెలిసినవే. ఎన్ని హార్సుపవరు? గంటకు ఎంత డీజిలు త్రాగును? రోటవేటరును లాగునా? ట్రాలీలో ఎన్ని బస్తాలు వేయవచ్చును? ఇవి అన్నియు అడుగవలసిన ప్రశ్నలే. కాని “ఇది ఎట్లు ఆగును?” అని అడుగువారు అరుదు. ఎద్దులను కొనునప్పుడు మన పెద్దలు ఇట్లు చేసెడివారు కారు. ఎద్దు ఎంత లాగునో చూచినట్లే, పగ్గము బిగబట్టిన నిలుచునో లేదో కూడ చూచి మరీ బేరమాడెడివారు. నిలువని ఎద్దు ఎంత బలమైనదైనను దానిని బండికి కట్టెడివారు కారు.

నేడు పల్లెలలో దుక్కి, దమ్ము, ఎరువుల తోలకము, పంట తోలకము ఎక్కువగా ట్రాక్టరుతోనే జరుగుచున్నవి. అది ఒక దినములో చేను, డొంక, చెరువుకట్ట, తారురోడ్డు అన్నియు తిరుగును. చేలో అది నెమ్మదిగా నడచు పనిముట్టు. రోడ్డెక్కిన తరువాత అది టన్నుల బరువును వెంట లాగుకొని పోవు మోటారు వాహనము. ఈ రెంటికి నడుమ ఉన్నది ఒక్క గట్టు మాత్రమే. ఆ గట్టు దగ్గర ఒక్క నిముషము ఆగి బ్రేకుల సంగతి చూచుకొన్న రైతు తన ప్రాణమును, ఇతరుల ప్రాణమును కాపాడిన వాడగును. ఆ నిముషములో ఏమి చూడవలెనో, ఏ కాలములో ఏ జాగ్రత్త పడవలెనో తెలుపుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

ఎద్దుబండికి, ట్రాక్టరుకు గల భేదము

బండి దిగుడులోనికి వచ్చినప్పుడు ఎద్దులు తమంతట తామే కాళ్లు బిగదన్ని బరువును ఆపుకొనును. బండివాడు వెనుకకు జరిగి కూర్చుండి పగ్గములు బిగబట్టును. మరీ ఏటవాలైనచో దిగి చక్రమునకు కఱ్ఱ అడ్డము పెట్టును. అనగా ఆపుట అనునది ఎద్దులు, మనిషి కలసి చేయు పని. ఎద్దులకు కూడ ప్రాణభయము కలదు గదా.

ట్రాక్టరుకు ఆ భయము లేదు. బరువు వెనుకనుండి త్రోయుచున్నదని దానికి తెలియదు. నడుపువాడు చేయవలసినదంతయు తన పాదముతోను, గేరుతోను, ముందుచూపుతోను చేయవలెను. పైగా మన ట్రాక్టర్లలో పెక్కింటికి బ్రేకులు వెనుక చక్రములకు మాత్రమే ఉండును. వెనుక కట్టిన ట్రాలీకి చాల చోట్ల బ్రేకులే ఉండవు. కాబట్టి ట్రాలీ, అందులోని సరకు, ట్రాక్టరు, ఈ మొత్తము బరువును రెండు వెనుక చక్రములే ఆపవలసి యుండును.

ఆగుటకు ఎంత దూరము కావలెను?

ఈ సంగతి ఒక చిన్న లెక్కతో తెలిసికొనవచ్చును. ట్రాక్టరు ఒంటిగా గంటకు 20 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నది అనుకొనుడు. ఎదుట ఒక గేదె అడ్డము వచ్చినది. దానిని చూచి, కాలు బ్రేకు మీదికి తెచ్చుటకు మనిషికి సుమారు ఒక సెకను పట్టును. ఆ ఒక్క సెకనులోనే బండి 5½ మీటర్లు ముందుకు పోవును. తరువాత బ్రేకు పట్టి ఆగుటకు మరి 6 మీటర్లు పట్టినదనుకొందము. మొత్తము సుమారు 12 మీటర్లు.

ఇప్పుడు వేగమును 40 కిలోమీటర్లకు పెంచుడు. వేగము రెండింతలైనది గనుక దూరము కూడ రెండింతలగునని చాలమంది తలంతురు. అది పొరపాటు. వేగము రెండింతలైనచో బ్రేకు పట్టిన తరువాత పోవు దూరము నాలుగింతలగును. 6 మీటర్లు కాస్త 24 మీటర్లగును. చూచి కాలు వేయులోపల పోవు 11 మీటర్లు కలిపిన మొత్తము 35 మీటర్లు.

ఇక ట్రాలీ సంగతి. ట్రాక్టరు బరువు 2 టన్నులు అనుకొనుడు. ఖాళీ ట్రాలీ ఒకటిన్నర టన్ను. అందులో 75 కిలోల ధాన్యపు బస్తాలు 60 వేసినచో నాలుగున్నర టన్నులు. అంతయు కలిపి 8 టన్నులు. బ్రేకుల బలము పెరుగలేదు, బరువు మాత్రము నాలుగింతలైనది. కనుక 20 కిలోమీటర్ల వేగములోనే, బ్రేకు పట్టిన తరువాత 6 మీటర్లలో ఆగవలసిన బండి సుమారు 24 మీటర్లు పోవును. 40 కిలోమీటర్ల వేగములో అయినచో మొత్తము దూరము వంద మీటర్లు దాటును. ట్రాలీ బరువు కొంత ట్రాక్టరుపై పడుటను బట్టియు, రోడ్డును బట్టియు ఈ అంకెలు కొంత మారవచ్చును. కాని తీరు మాత్రము ఇదియే. తడి రోడ్డుపై, దిగుడులో ఇంకను ఎక్కువ దూరము పట్టును.

వంద మీటర్ల దూరములో బడిపిల్ల రోడ్డు దాటుచున్నదనుకొనుడు. నిండు ట్రాలీతో 40 కిలోమీటర్ల వేగముతో వచ్చువాడు ఆమెను చూచిన క్షణముననే బ్రేకు వేసినను ఆమెకు ముందుగా ఆగలేడు. అందుచేత నిండు ట్రాలీతో పోవునప్పుడు ఎద్దుబండి కన్న కొంచెము వేగముగా పోయిన చాలునని తృప్తిపడుటయే తెలివి. “నిదానమే ప్రధానము” అను మాట ఇచ్చట అక్షరాల నిజము.

రెండు పెడళ్ల సంగతి

ట్రాక్టరుకు కుడి పాదము దగ్గర రెండు బ్రేకు పెడళ్లు ఉండును. ఒకటి ఎడమ వెనుక చక్రమును, రెండవది కుడి వెనుక చక్రమును ఆపును. చాలు చివర చిన్న జాగాలో మలుపు త్రిప్పుటకు ఏ ప్రక్కకు తిరుగవలెనో ఆ ప్రక్క పెడలును మాత్రము త్రొక్కుదుము. ఈ సౌకర్యము నెమ్మదిగా నడచు చేను పనికి మాత్రమే ఏర్పడినది.

రోడ్డుపై వేగముగా పోవుచు ఒక్క పెడలునే త్రొక్కినచో ఏమగును? ఆ ప్రక్క చక్రము ఆగును, రెండవది పరుగెత్తుచునే యుండును. ట్రాక్టరు ఒక్కసారిగా ఆ ప్రక్కకు తిరిగిపోవును. ట్రాక్టరు ఎత్తైనది గనుక ప్రక్కకు ఒరిగి బోర్లపడును. వెనుక ట్రాలీ ఉన్నచో అది ముందుకు త్రోసి ట్రాక్టరును అడ్డముగా త్రిప్పివేయును.

ఈ ఆపద రాకుండ రెండు పెడళ్లను కలిపి ఉంచుటకు ఒక లాకు అమర్చబడి యున్నది. చేను దాటి రోడ్డెక్కునప్పుడు ఆ లాకును తప్పక వేయవలెను. చేలోనికి దిగిన తరువాతనే దానిని తీయవలెను. చాల ట్రాక్టర్లలో ఈ లాకు బురదతో బిగిసిపోయియో, తుప్పు పట్టియో, విరిగియో పనికిరాకుండ పడియుండును. దానిని బాగు చేయించుటకు అగు ఖర్చు మిక్కిలి స్వల్పము. అశ్రద్ధ చేసిన పోవునది మిక్కిలి గొప్పది.

లాకు వేసినంత మాత్రమున చాలదు. రెండు ప్రక్కల బ్రేకులును సమానముగా పట్టవలెను. పెడలును చేతితో నొక్కి చూచినచో కొంత మేర తేలికగా దిగి, తరువాత గట్టిపడును. ఆ తేలికగా దిగు మేర రెండు పెడళ్లకును ఒకే విధముగా ఉండవలెను. అది ఎంత ఉండవలెనో ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకములో వ్రాసియుండును. దాని ప్రకారము మెకానిక్కు చేత సరిచేయించుకొనుడు. పరీక్షించు పద్ధతి సులభము. మనుషులు, పశువులు లేని చదునైన పొడి నేలపై, ట్రాలీ లేకుండ, లాకు వేసి, నెమ్మదిగా నడపుచు బ్రేకు త్రొక్కుడు. ట్రాక్టరు తిన్నగా ఆగవలెను. ఒక ప్రక్కకు లాగినచో బ్రేకులు సమముగా లేవని గ్రహించి, సరిచేయించు వరకు రోడ్డెక్కరాదు. ఒక ప్రక్క టైరులో గాలి తగ్గినను ట్రాక్టరు ప్రక్కకు లాగును గనుక, ముందుగా టైర్ల గాలిని చూచుకొనవలెను.

వేసవిలో

పనులు తక్కువగా ఉండు వేసవియే మరమ్మతులకు తగిన కాలము. రోహిణి కార్తె వెళ్లులోపల బ్రేకుల పని పూర్తిచేయించుకొన్నచో తొలకరి పనులలో ఆటంకము ఉండదు.

ట్రాక్టరు బ్రేకులు రెండు రకములు. పాత ట్రాక్టర్లలో ఎక్కువగా పొడి బ్రేకులు ఉండును. వీనిలో లైనింగులు అరిగిపోయినవేమో విప్పించి చూడవలెను. త్రొక్కినప్పుడు ఇనుము ఇనుముతో రాచుకొనిన చప్పుడు వచ్చినచో లైనింగు పూర్తిగా అరిగినదన్నమాట. ఇరుసు దగ్గర సీలు పాడై నూనె కారి లైనింగుపై పడినచో బ్రేకు జారును. అప్పుడు లైనింగును తుడిచి సరిపెట్టుకొనక సీలును కూడ మార్పించవలెను. ఒక ప్రక్క లైనింగు మార్చునప్పుడు రెండవ ప్రక్కది కూడ మార్చుట మంచిది. ఒకటి క్రొత్తది, ఒకటి పాతది అయినచో బ్రేకులు సమముగా పట్టవు.

ఇప్పటి ట్రాక్టర్లలో చాలవాటికి నూనెలో మునిగియుండు డిస్కు బ్రేకులు ఉన్నవి. వీనిలోనికి బురద, నీరు సులభముగా చేరవు. ఎక్కువ కాలము మన్నును. అంతమాత్రమున వీనిని మరచిపోరాదు. వీనికి ప్రాణము గేరుపెట్టెలోని నూనె. పుస్తకములో చెప్పిన రకపు నూనెనే, చెప్పిన గంటలకు మార్చవలెను. చౌకగా దొరికినదని ఏదో ఒక నూనె పోసినచో బ్రేకు పట్టు తగ్గును, చప్పుడు చేయును.

వేసవిలో చెరువు మట్టి తోలకము ముమ్మరముగా జరుగును. నిండు ట్రాలీతో చెరువుకట్ట ఎక్కి దిగుట వలన బ్రేకులు మిక్కిలి వేడెక్కును. వేడెక్కిన బ్రేకు పట్టు సడలును. కాలు బ్రేకు పెడలు మీదనే ఆనించి నడుపు అలవాటు కొందరికి కలదు. దీని వలన లైనింగు ఎల్లప్పుడు రాచుకొని వేడెక్కి, అవసరము వచ్చినప్పుడు పనిచేయక పోవును. పాదము పాదపీఠము మీద ఉండవలెను, అవసరమైనప్పుడే పెడలు మీదికి రావలెను.

తొలకరిలోను, దమ్ములోను

మొదటి వాన పడిన దినము రోడ్డు మిక్కిలి ప్రమాదకరము. వేసవి అంతయు రోడ్డుపై పడిన నూనె చుక్కలు, దుమ్ము, ఆ మొదటి తడికి కలసి జారుడుగా మారును. పెద్దవాన కురిసి రోడ్డును కడిగిన తరువాత కొంత మేలు. కనుక మృగశిర జల్లులలో వేగమును సగము తగ్గించుకొనవలెను. మలుపులో బ్రేకు వేయరాదు. మలుపునకు ముందే, తిన్నని దారిలో, వేగము తగ్గించుకొనవలెను.

దమ్ము చేయునప్పుడు, తెలంగాణములో కరిగెట అందురు, ట్రాక్టరు గంటల తరబడి బురదలో తిరుగును. పొడి బ్రేకులలోనికి తడి చేరును. పెడళ్ల సందులలో, లాకులో, కడ్డీల కీళ్లలో బురద పేరుకొని ఎండి గట్టిపడును. అందుచేత దమ్ము ముగించి రోడ్డెక్కుటకు ముందు ఈ పనులు చేయవలెను.

మొదట పెడళ్ల క్రింది బురదను పుల్లతో గీకి నీటితో కడుగవలెను. చెప్పులకు అంటిన బురదను కూడ దులుపుకొనవలెను. బురద పాదము పెడలు మీద జారుట వలన కూడ ప్రమాదములు కలుగును. తరువాత లాకు వేసి, గట్టు దగ్గరి చదును నేలపై తక్కువ గేరులో నెమ్మదిగా నడపుచు, బ్రేకును నాలుగైదుసార్లు తేలికగా త్రొక్కవలెను. ఆ రాపిడి వేడికి తడి ఆరి పట్టు తిరిగి వచ్చును. పట్టు వచ్చినదని తెలిసిన తరువాతనే రోడ్డెక్కవలెను.

కేజి వీల్సుతో తారురోడ్డు ఎక్కరాదు. అవి రోడ్డును పాడుచేయుట ఒక నష్టము. ఇనుము తారుపై జారుట వలన బ్రేకు వేసినను ట్రాక్టరు ఆగక పోవుట అంతకన్న పెద్ద నష్టము. వానిని గట్టు దగ్గరనే విప్పి ట్రాలీలో వేసికొనిపోవలెను.

కొందరు ట్రాక్టరును డీజిలుతో కడుగుదురు. బ్రేకులున్న చోట డీజిలు గాని, కిరసనాయిలు గాని చిమ్మరాదు. పెడళ్ల కీళ్లకు గ్రీజు పెట్టవలసినదే గాని, అది లైనింగుల వైపు పోకుండ చూడవలెను. దమ్ముల కాలము ముగిసిన వెంటనే గేరుపెట్టె నూనెను పరీక్షింపుడు. నూనె పాలవలె తెల్లబారి యున్నచో అందులో నీరు చేరినదని గుర్తు. ఆ నూనెను తీసివేసి, నీరు చేరిన త్రోవను కనుగొని బాగుచేయించి, క్రొత్త నూనె పోయవలెను.

కోతల కాలములో

కోతలు వచ్చినవనగా తొందర వచ్చినదన్నమాట. మబ్బు పట్టినచో ఎన్ని బస్తాలు వీలగునో అన్నియు ఒక్క దఫాలో తెచ్చివేయవలెనని మనసు తొందరపడును. ట్రాక్టరు ప్రమాదములకు ఈ తొందరయే తల్లి.

ఈ కాలములో ఇంకొక చిక్కు కలదు. జాగా లేక చాల ఊళ్లలో వడ్లు, మొక్కజొన్నలు రోడ్లమీదనే ఆరబోయుదురు. రోడ్డు సగమైపోవును. చుట్టు పెట్టిన రాళ్లు రాత్రి కనబడవు. చెదరిన గింజలపై చక్రము జారును. ఎండుగడ్డి పరచిన చోట బ్రేకు వేసినచో టైరు నేలను పట్టదు. అట్టి చోట్లకు ముందే వేగము తగ్గించి, బ్రేకుతో పని లేకుండ గేరు మీదనే దాటవలెను. ఆరబోసిన రైతు కూడ ప్రొద్దుగ్రుంకకముందే గింజలను, ముఖ్యముగా రాళ్లను, రోడ్డుమీదనుండి తీసివేయవలెను. మన గింజల కొరకు పెట్టిన రాయి మోటారుసైకిలుపై వచ్చు పొరుగువాని ప్రాణము తీయరాదు.

మార్గశిర, పుష్య మాసములలో తెల్లవారుజామున పొగమంచు క్రమ్మును. పత్తి, చెరకు ట్రాలీలు ఆ వేళనే బయలుదేరును. మంచులో కంటికి ఎంత దూరము కనబడునో అంత దూరములో ఆగగలిగినంత వేగముతోనే పోవలెను. ట్రాలీ వెనుక దీపము వెలుగవలెను, ఎఱ్ఱని మెరుపు బిళ్లలు ఉండవలెను. చెరకు గాని గడ్డి గాని వెనుకకు వ్రేలాడి ఆ దీపమును కప్పరాదు. మీ బ్రేకు ఎంత మంచిదైనను, వెనుకనుండి వచ్చు లారీవానికి మీరు కనబడనిచో ప్రయోజనము లేదు.

దిగుడులో నడుపు పద్ధతి

దిగుడులో డీజిలు మిగులునని గేరు తీసి న్యూట్రలులో వదలువారు కలరు. మిగులు డీజిలు చారెడు, పోవునది ప్రాణము. గేరులో ఉన్నంతసేపు ఇంజను తానే చక్రములను పట్టి ఉంచి వేగమును అదుపులో ఉంచును. న్యూట్రలులో వేసినచో ఆ పట్టు పోవును. క్లచ్చి త్రొక్కి ఉంచినను ఇదే ఫలితము.

దిగుడు ప్రారంభముకాక ముందే ఆగి తక్కువ గేరు వేసికొనవలెను. ఆ ఏటవాలు ఎక్కుటకు ఏ గేరు కావలెనో దిగుటకును అదే గేరు కావలెనని గుర్తుంచుకొనిన చాలును. నడిదిగుడులో గేరు మార్చుటకు ప్రయత్నించరాదు. గేరు ఊడి, మరల పడక పోవచ్చును. యాక్సిలేటరు మీది నుండి చేయి, కాలు తీసి, ఇంజను పట్టు చాలనప్పుడు బ్రేకును క్రమముగా త్రొక్కి వదలవలెను. ఒక్కసారిగా అదిమి త్రొక్కినచో చక్రములు బిగిసి జారును, ట్రాలీ వెనుకనుండి త్రోసి ట్రాక్టరును అడ్డము త్రిప్పును. క్లచ్చిని బండి ఆగబోవు ఆఖరు క్షణమున మాత్రమే త్రొక్కవలెను.

నిలిపినప్పుడు హ్యాండు బ్రేకు వేసి, పనిముట్టును నేలకు దింపి, ఇంజను ఆపి, గేరులో ఉంచి, తాళపుచెవి తీసికొనవలెను. ఏటవాలులో నిలుపవలసి వచ్చినచో చక్రములకు రాళ్లు అడ్డము పెట్టవలెను. ఇందు కొరకు రెండు కొయ్య దిమ్మెలను ఎల్లప్పుడు ట్రాలీలో ఉంచుకొనుట మేలు. వానకాలములో ట్రాక్టరును చాల దినములు కదల్పక ఉంచవలసినచో, చదునైన చోట దిమ్మెలు పెట్టి హ్యాండు బ్రేకును వదలి ఉంచుడు. తడికి లైనింగులు అంటుకొనిపోవుట తప్పును.

ట్రాలీ విషయము

బ్రేకులున్న ట్రాలీలు కూడ దొరకుచున్నవి. క్రొత్తగా కొనువారు కొంత ఎక్కువ ధర పెట్టియైనను అట్టి దానినే కొనవలెను. ట్రాలీని ట్రాక్టరు క్రింది భాగముననున్న హుక్కుకే తగిలించవలెను. పైన ఎత్తుగా తగిలించినచో ఎగుడులో ట్రాక్టరు ముందు చక్రములు లేచి వెనుకకు తిరుగబడును. పిన్నుకు అడ్డము క్లిప్పు వేయవలెను. తీగ చుట్టి సరిపెట్టరాదు. దానికి తోడు ఒక గట్టి గొలుసు కూడ తగిలించినచో పిన్ను ఊడినను ట్రాలీ విడిపోదు. రెండు చక్రముల ట్రాలీలో బరువంతయు వెనుకకు వేసినచో ముందు భాగము పైకి లేచి ట్రాక్టరు వెనుక చక్రములను తేలిక చేయును. తేలికైన చక్రమునకు బ్రేకు పట్టు ఉండదు. కనుక ఇరుసునకు కొంచెము ముందుకే బరువు పడునట్లు సర్దవలెను.

మనుషులను ఎక్కించుట

ఇక అన్నిటికన్న ముఖ్యమైన సంగతి. నాట్లకు, కలుపులకు, పత్తి ఏరుటకు కూలీలను ట్రాలీలో ఎక్కించుకొని పోవుట మన పల్లెలలో నిత్యము చూచుచున్నదే. 2018 జూన్ 24వ తేదీన యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర పొలము పనికి పోవుచున్న ట్రాక్టరు మూసీ కాలువలో పడి పదిమందికి మించి చనిపోయిరి. వారిలో ఎక్కువమంది స్త్రీలు. ఆ సంవత్సరమే ఏప్రిల్ నెలలో నల్లగొండ జిల్లాలో కూలీల ట్రాక్టరు ఇట్లే కాలువలో పడి ప్రాణనష్టము జరిగినది. ఇట్టి ప్రమాదములకు కారణములు పలువిధములు. బ్రేకు ఒక్కటే కారణమని చెప్పరాదు. కాని ట్రాలీలో మనుషులు లేకున్నచో ఆ ప్రాణములు నిలిచియుండును గదా.

ట్రాలీ సరకుల కొరకు ఏర్పడినది. అందులో పట్టుకొనుటకు ఆధారము లేదు. అది తిరుగబడినచో క్రింద పడినవారిపై దాని బరువంతయు పడును. చట్టము దీనిని అనుమతించదు. ప్రమాదము జరిగినచో భీమా పరిహారము వచ్చుటకును చిక్కులు ఏర్పడును. కూలీలను ఆటోలలోనో, ప్రయాణీకుల బండిలోనో, లెక్కకు మించకుండ, తీసికొనిపోవలెను. ఆ ఖర్చు ఎకరమునకు పంచి చూచినచో స్వల్పమే. మడ్‌గార్డు మీద పిల్లలను కూర్చుండబెట్టుట, 18 ఏండ్లు నిండని, లైసెన్సు లేని కుఱ్ఱవానికి ట్రాక్టరు అప్పగించుట కూడ ఇట్టి తప్పులే. “మావాడు బాగా నడుపును” అని తండ్రి మురియవచ్చును. నడుపుట వేరు, ఆపుట వేరు.

మోటారుసైకిలు, కారు ఉన్నవారికి

గ్రామ అధికారులు, రైతులు వాడు మోటారుసైకిళ్లకు, కార్లకు పై సంగతులలో పెక్కు వర్తించును. వాగు దాటిన తరువాత బ్రేకును తేలికగా నాలుగుసార్లు పట్టి తడి ఆర్చుకొనవలెను. మోటారుసైకిలుకు ముందు, వెనుక బ్రేకులను రెంటిని కలిపి క్రమముగా పట్టవలెను. ఇసుక, గింజలు ఉన్నచోట ముందు బ్రేకును గట్టిగా పట్టరాదు. కారులోని బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము కలది. తేమ చేరిన నూనె దిగుడులో వేడికి మరిగి బ్రేకును వమ్ముచేయును. కనుక సుమారు రెండేండ్లకొకసారి దానిని మార్పించవలెను. చక్రములు బిగిసిపోకుండ కాపాడు ఏబీఎస్ అమర్చిన కార్లలో ఆపద సమయమున పెడలును గట్టిగా త్రొక్కి అట్లే పట్టి ఉంచవలెను. పాదము క్రింద అదరినట్లు తోచినచో భయపడి వదలరాదు. ఆ అదురు అది పనిచేయుచున్నదనుటకు గుర్తు.

గ్రామములో చేయదగిన పనులు

ఒక్కొక్క రైతు జాగ్రత్తతోపాటు ఊరంతయు కలసి చేయవలసినవి కొన్ని కలవు. చెరువుకట్ట దిగుళ్ల దగ్గర, కాలువ మలుపుల దగ్గర హెచ్చరిక బోర్డులు, అంచున సున్నము కొట్టిన రాళ్లు పెట్టించుట పంచాయతీకి పెద్ద భారము కాదు. ధాన్యము ఆరబోయుటకు ఊరికి కల్లములు ఏర్పరచినచో రోడ్డు ఖాళీ అగును. తొలకరికి ముందు ఒక దినము ఊరి ట్రాక్టర్లన్నియు ఒక చోట చేర్చి, మెకానిక్కును పిలిపించి, లాకులు, దీపములు, పిన్నులు చూపించుట మంచిది. ఒకరికొరకు మెకానిక్కు రాకపోయినను పదిమంది కొరకు వచ్చును.

శిక్షణ పొందగోరు యువకులకు అనంతపురము జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వము వారి దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ కలదు. అచ్చట ట్రాక్టరు నడుపుట, సంరక్షణ నేర్పుదురు. ఊరికి ఒకరిద్దరు నేర్చుకొని వచ్చినను మిగిలినవారికి చెప్పగలరు.

ఆ ఒక్క నిముషములో చూడవలసినవి

చేను దాటి రోడ్డెక్కుటకు ముందు గట్టు దగ్గర ఆగి ఈ ఏడింటిని చూచుకొనుడు.

1. రెండు పెడళ్లకు లాకు పడినదా?
2. పెడళ్ల క్రింద, పాదములకు బురద లేదు గదా?
3. తక్కువ గేరులో త్రొక్కి చూచినప్పుడు బ్రేకు సమముగా పట్టినదా?
4. కేజి వీల్సు విప్పితిరా? టైర్లలో గాలి సరిగా ఉన్నదా?
5. ట్రాలీ పిన్ను, క్లిప్పు, గొలుసు సరిగా ఉన్నవా?
6. బరువు మితముగా, ఇరుసునకు కొంచెము ముందుకు సర్దబడినదా? వెనుక దీపము కనబడుచున్నదా?
7. ట్రాలీలో గాని, మడ్‌గార్డు మీద గాని మనుషులు ఎవరును లేరు గదా?

ఈ ఏడును చూచుటకు ఒక చుట్ట వెలిగించుకొనునంత కాలము కూడ పట్టదు. నాలుగు దినములు చేసినచో అలవాటైపోవును. మొదట ఇంటి పెద్ద చేసినచో కొడుకు చూచి నేర్చుకొనును. జీతగాడు కూడ యజమాని చూచుచున్నాడని చేయును.

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్న ఫలమేమి? బ్రేకు చెడిన సంగతి దిగుడులో తెలిసికొనుట కన్న గట్టు దగ్గర తెలిసికొనుట మేలు. పంట ఒక పూట ఆలస్యముగా ఇల్లు చేరినను నష్టము లేదు. పంటతోపాటు దానిని తెచ్చువాడును క్షేమముగా ఇల్లు చేరవలెను. కనుక రైతు సోదరులారా, రేపు ఉదయము ట్రాక్టరు తీయునప్పుడు, ఎంత లాగగలదని కాక, ఎట్లు ఆగగలదని మొదట చూచుడు.